‘క్షేమం’ అని చెప్పిన ఫోను

జహంగీర్ ఉస్తాద్ షాపులో మేమంతా రిపేరు పని నేర్చుకునే రోజుల్లో, మాతోపాటు నేర్చుకునే నీలవేణికి కంటిమీద కునుకు ఉండేది కాదు. వాళ్లక్క మొగుడి దెబ్బలు పడలేక ఊరవతల ఒక గదిలో దాక్కుంది. దొరికితే చంపుతానని వాడు వెతుకుతున్నాడు.

అందుకని నీలవేణి అగ్గిపెట్టెంత కంప్యూటరొకటి అక్క తలుపుకు బిగించింది. తలుపు తెరుచుకుంటే తన ఫోను ఎర్రబడి మోగాలి. అలాంటిదే ఇంకొకటి మా షాపు తలుపుకూ పెట్టి పరీక్ష చేసుకునేది. దాని ప్రోగ్రాం ఎవరైనా చదివి వాడుకోండని ఎవరో పుణ్యాత్ములు ఊరికే ఇచ్చిందే. అందులో తను కలిపిన నాలుగు లైన్లు మాత్రం మాకు చూపించదు. ఎవరూ విప్పకుండా పెట్టె చుట్టూ గట్టిపడే ఎంసీల్ ముద్ద కూడా పూసింది. మేమేమన్నా దొంగలమా? నాకు ఒళ్లు మండేది.

"అందరూ చూసిన రాత వాడుకున్నవ్. నీది కూడా చూపియ్యి బిడ్డా," అన్నాడు ఉస్తాద్ ఒకరోజు.

"వద్దు ఉస్తాద్. ఒకరి నోట్ల పడితే మా బావ చెవుల పడ్తది. నాకు భయం."

ఉస్తాద్ టీ గ్లాసు పక్కనపెట్టి లేచాడు. షాపు తలుపుకున్న పెట్టె కరెంటు వైరు పీకాడు. తలుపు బార్లా తెరిచి, బయటికెళ్లి, మళ్లీ లోపలికొచ్చాడు.

ఫోను మోగలేదు. "షాపు: క్షేమం" అని పచ్చగా వెలుగుతూనే ఉంది.

"పెట్టె నుంచి కబురు రాకుంటే ఫోన్ల ఏం చూపియ్యమన్నవ్?" అని అడిగాడు ఉస్తాద్.

నీలవేణి ఫోను చేతిలోకి తీసుకుంది. "సిగ్నల్ పోయినప్పుడల్లా ఎర్రబడుతుంటే పాణం పోయినంత పనైతుండె ఉస్తాద్. అందుకే, కబురు రాకుంటే క్షేమమని చూపియ్యమని రాసిన."

అంటూనే కింది లైను చూసింది. "అక్క: క్షేమం." అదీ పచ్చగానే ఉంది.

వెంటనే అక్కకు ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. నా కోపం ఎటు పోయిందో ఏమో, "ఎత్తు తల్లీ, ఎత్తు" అని లోపల్లోపలే మొక్కుకున్నాను.

"ఏందే? బట్టలుతుకుతున్న," అంది అక్క చివరికి. "పొద్దుగాల్నుంచి కరెంటు లేదు. ఉక్కపోస్తుందని తలుపు తీసి పెట్టిన."

"తలుపెయ్యక్కా! ముందుగాల తలుపెయ్యి!"

గడియ పడిన చప్పుడు వినబడ్డాకే నీలవేణి ఏడ్చింది.

ఉస్తాద్ వైరు మళ్లీ పెట్టాడు. "కాపలా పెట్టిన అనుకున్నవ్ బిడ్డా. భయం నోరు మూసినవ్, అంతే."

ఆమె కళ్లు తుడుచుకుని, స్క్రూడ్రైవరుతో ఎంసీల్ గీకేసింది. తర్వాత తను రాసిన నాలుగు లైన్లు తెరిచి లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"చదువన్నా. తప్పులుంటే తిట్టు."