కొసరు కత్తి

అనగనగా, మబ్బులు తలుపు తట్టేంత ఎత్తున, కొండ నడుమున ఒక ఊళ్ళో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. పిల్ల అంటే నీ అంత కాదు, పద్దెనిమిదేళ్ళది. ఏదైనా రెండోసారి చెబితేగాని చెవికెక్కకపోవడంలో మాత్రం నీ అంతే.

ఆ ఊళ్ళో ఏటా తేనె కాలం రాగానే ఓ పదిమంది అడవికి వెళ్ళేవాళ్ళు. నాలుగు రోజులు అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, తేనె దింపుకుని వచ్చేవాళ్ళు. అయితే మనిషికి ఒక్కటే కత్తి. రెండోది పట్టుకెళ్ళకూడదు.

ఎందుకంటావా? ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. ఇనుము పోతే అది దొరికేదాకా గుంపులో ఎవరూ ముందుకి అడుగెయ్యకూడదు. ఎప్పుడో ఓ మహానుభావుడు మూడు కత్తులు పట్టుకెళ్ళి రెండు పారేసుకున్నాడు. అందరూ రెండు రోజులు పొదలు వెతికారు. ఆ రెండు రోజులూ ఎలుగుబంట్లు తీరిగ్గా కూర్చుని తేనె తిన్నాయి. అప్పటినుంచీ ఒక్కటే.

ఆ ఒక్క కత్తే అన్ని పనులకీ రావాలి కదా. అందుకని బయల్దేరే ముందురోజు సాయంత్రం, గుంపుకి పెద్ద అయిన పారమ్మ తన వాకిట్లో పరీక్ష పెట్టేది. ఒకటి, వెదురు నరకాలి. రెండు, దుంప తొక్క తియ్యాలి. మూడు, పొయ్యి రాజెయ్యడానికి కట్టెని సన్నటి పేళ్ళుగా చీల్చాలి. మూడూ ఒకే కత్తితో. తప్పినవాళ్ళు ఊళ్ళోనే ఉండి, వెళ్ళినవాళ్ళ మేకలన్నీ కాయాలి.

పారమ్మ నూకాలుకి సొంత మేనత్త. అయినా పోయినేడు నిమ్మళంగా తప్పించేసింది.

నలభై మేకలు. వాటిలో ఒక ముసలి పోతు, పేరు మునసబు. మునసబు రోజూ మధ్యాహ్నం వచ్చి నూకాలు పైట నమిలేవాడు. తర్వాత ఊరంతా తేనె నాకుతుంటే, నూకాలు చిరిగిన పైటలు కుట్టుకుంటూ కూర్చుంది. ఈ ఏడు ఎలాగైనా కొండెక్కాలి, మునసబు మొహం చూడకూడదు అనుకుంది.

అప్పుడు కమ్మరి పైడియ్య కొలిమి దగ్గరికి వెళ్ళింది.

"ఏ పనికమ్మా కత్తి?" అన్నాడు పైడియ్య.

"అన్నిటికీ."

"అన్నిటికీ పనికొచ్చేది నోరు. అది నీకు ముందే ఉంది కదా."

నూకాలు మూతి ముడిచింది. ముడిచిన మూతితోనే రెండు కత్తులు చెయ్యమంది. ఒకటి మూరెడు పొడుగు, బరువు, కొసన వంపు, పిడి మీద నెమలి బొమ్మ. రెండోది చేప రెక్కలా పలచన, ఇత్తడి కట్టు. పైడియ్య రెండూ చేసిచ్చాడు. ఆ తర్వాత మిగిలిన ఇనప ముక్కని నాలుగు దెబ్బలు సాగగొట్టి, మోటు పిడి వేసి, మూడోది కూడా చేతిలో పెట్టాడు. జానెడు పొడుగు. వీపు మందం, అంచు సన్నం. బొమ్మా లేదు, వంపూ లేదు.

"ఇదేంటి మావా?"

"కొసరు," అన్నాడు పైడియ్య.

నూకాలు కొసరుని చూరులో గుచ్చేసి మర్చిపోయింది.

పరీక్ష ఇంక మూడు రోజుల్లో ఉంది. మొదటిరోజు పెద్ద కత్తి తీసింది. ఒక్క వేటుకి వెదురు పడింది. నూకాలు మురిసిపోయింది. తర్వాత దుంప చెక్కింది. తొక్క మిగిలింది, దుంప పోయింది.

ఆ రోజే పక్కింటి బోడెమ్మ వచ్చింది. "ఏమే, కత్తి ఒకటి ఇవ్వవే."

"ఈ నెమలి కత్తి పట్టుకెళ్ళు పిన్నీ."

"అంతది వద్దు తల్లీ. చేత్తో పట్టుకుని వీధిలోకెళితే, దేనికో అని ఊరంతా వెనకే వస్తుంది. ఆ చూరులోది ఇవ్వు."

రెండోరోజు సన్న కత్తి తీసింది. తొక్క ఉల్లిపొరలా వచ్చింది. తర్వాత వెదురు మీద వేసింది. వెదురుకేం కాలేదు, కత్తి అంచు మడతపడింది. పోయి సాగగొట్టించుకుని వచ్చింది.

మూడోరోజంతా ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ చూస్తూ కూర్చుంది. అలా చూడగా చూడగా సాయంత్రమైంది. రెండూ పట్టుకుని పరీక్షకి పోయింది.

"రెండు తెచ్చావేం?" అంది పారమ్మ.

"ఏదో ఒకటి తేల్చుకుంటా అత్తా."

చూడ్డానికొచ్చిన పైడియ్య గోడవారనుంచి, "మూడోదేదమ్మా?" అన్నాడు.

"బోడెమ్మ పిన్ని దగ్గరుంది."

"నా దగ్గర లేదే," అంది బోడెమ్మ. "నిన్ననే సోములికిచ్చా."

సోములు తల గోక్కున్నాడు. "నేను నిన్న రాత్రే గవరమ్మకిచ్చేశా."

గవరమ్మ అక్కడ లేదు. ఇనుము పోయింది. దొరక్కపోతే తెల్లారి ఎవరికీ ప్రయాణం లేదు. అందరూ నూకాలుకేసి చూశారు. మేకల మందలో మునసబు కూడా చూశాడు.

అప్పుడు పారమ్మ ముందు నడిచింది, మిగతావాళ్ళు వెనక. దారిలో బోడెమ్మ పెరడు. అక్కడ కొత్త వెదురు దడి. "దాంతోనే నరికా," అంది బోడెమ్మ. తర్వాత సోములు ఇల్లు. అక్కడ ఉడకడానికి చెక్కిపెట్టిన దుంపలు, వెన్నముద్దల్లా. "దాంతోనే," అన్నాడు సోములు. ఆ తర్వాత గవరమ్మ ఇల్లు. పొయ్యి పక్కన పేళ్ళ కుప్ప.

"కత్తేదే?" అంది పారమ్మ.

గవరమ్మ పొయ్యి ఊదడం ఆపి ఎగాదిగా చూసింది. "నన్నడుగుతావేం వదినా? పొద్దున నువ్వేగా పట్టుకుపోయావు."

పారమ్మ కాసేపు ఆకాశం చూసింది. తర్వాత నడుం దగ్గరనుంచి కత్తి తీసింది. జానెడు పొడుగు, మోటు పిడి.

"ఇదా? ఇది గవరమ్మదనుకున్నా," అంది. "నా కత్తికి పిడి విరిగింది. రేపు దీన్నే అడవికి తీసుకెళ్దామని."

నూకాలు చెయ్యి చాపింది. ఆ చేతిలో పట్టిన రెండు కత్తులూ ఎప్పుడు కింద పెట్టిందో తనకే తెలీదు.

ఆ రెండూ కూడా ఏరుకుని వాకిట్లోకి తిరిగొచ్చారు. నూకాలు కొసరు కత్తి ఎత్తితే మూడు వేట్లకి వెదురు పడింది. పెద్ద కత్తికి ఒక్కటి చాలింది, నిజమే. అయితే ఈసారి తొక్క తొక్కలా, దుంప దుంపలా ఉన్నాయి. కత్తి వీపు మీద రాయితో కొడుతుంటే కట్టె పేళ్ళుపేళ్ళుగా చీలింది. పారమ్మ సరేనని తల ఊపింది.

నూకాలు ఊరుకుందా? "అత్తా, మరి నీ కత్తో?" అంది.

పారమ్మ నెమలి కత్తి తీసుకుంది. వెదురు ఒక్క వేటుకి పడింది. ఆ తర్వాత దుంప అందుకుంది. తొక్క మిగిలింది, దుంప పోయింది.

పారమ్మే కత్తి కింద పెట్టి, "తప్పింది. మేకలు నేను కాస్తాను," అంది.

నాలుగు రోజులయ్యాక నూకాలు కొండ దిగి, మొదటి తేనె ముంత నేరుగా అత్త ఇంటికి పట్టుకెళ్ళింది. పారమ్మ అరుగు మీద కూర్చుని పైట కుట్టుకుంటోంది.

"మునసబు బాగున్నాడా అత్తా?"

"బాగానే తిన్నాడు," అంది పారమ్మ, ముంతలో వేలు పెడుతూ.

ఆ రాత్రి నూకాలు కొసరు కత్తిని మళ్ళీ చూరులో గుచ్చింది. తెల్లారి చూస్తే లేదు. వెతకలేదు. సరాసరి అత్త ఇంటికే వెళ్ళింది.

పదును కత్తికి, పైట మేకకి,
తేనె ముంతకి, తీపి నోటికి,
కథ కంచికి, కళ్ళు నిద్రకి.