నూకాలు కప్పిన చాప

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో నూకాలు అనే ముసలామె ఈతాకు చాపలు అల్లుకుని బతికేది. ఊడుపులకు పోయే తల్లులు పిల్లల్ని ఆవిడ గుడిసెలో దింపిపోయేవాళ్ళు. పిల్లలంతా ఆవిణ్ణి "అప్పా" అని పిలిచేవాళ్ళు. ముందే చెప్తున్నా, ఈ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఊరి కాలవ నీళ్ళు ఎవరి చేలోకి వదలాలో పెత్తందారు చెప్పాలి. పెత్తందారుని ఊరు ఎన్నుకోవాలి. ఏడాదికోసారి చావడి ముందు రెండు కుండలు పెట్టేవారు. ఇంటికో చింతపిక్క. నచ్చినవాడి కుండలో వెయ్యాలి. ఎన్నేళ్ళయినా గవిరయ్యే గెలిచేవాడు. నీళ్ళన్నీ అతని చేలోకే పోయేవి. తక్కినవాళ్ళ నారు ఎండిపోయేది. ఎలా గెలిచేవాడంటారా? కుండల పక్కనే మంచం వాల్చుకు కూచుని, "ఎయ్యండి, ఎయ్యండి. సూస్తన్నాను" అనేవాడు. అంతే.

ఒకనాడు నూకాలు గుడిసెలో పిల్లలు తగువు పడ్డారు. పొయ్యిలో దుంపలు కాల్చాలా, జొన్నపొత్తులు కాల్చాలా?

"మీలో మీరే తేల్సుకోండర్రా" అంది నూకాలు.

మొదటిసారి అందరూ అరిచారు. పెద్ద గొంతున్నవాడు గెలిచాడు. "ఇది కాదు" అంది నూకాలు.

రెండోసారి రెండు ముంతలు పెట్టి పిక్కలు వేశారు. దుంపలు కావాలన్న పెద్దపిల్లాడు గుడ్లురిమాడు. అందరికన్నా చిన్నది చిన్నమ్మడు. దానికి పొత్తులంటే ప్రాణం. అయినా ఏడుస్తూ దుంపల ముంతలోనే వేసింది. "ఇదీ కాదు" అంది నూకాలు.

మూడోసారి ముంతల మీద చాప కప్పింది. "గుప్పిట మూసి రెండిట్లోనూ సెయ్యెట్టండి. పిక్క ఒకదాంట్లోనే వదలండి. ఎందులో వదిలేరో నాకూ సెప్పకండి."

పొత్తులు గెలిచాయి. పెద్దాడు మూతి ముడుచుకుంటూనే రెండు తిన్నాడు.

చిన్నమ్మడు పొత్తు కొరుకుతూ అంది: "అప్పా, మా అయ్య కూడా ఏడుస్తానే ఏస్తాడు పిక్క."

నూకాలు అల్లిక ఆపేసింది.

ఆ ఏడు గవిరయ్య మీద కాలవ చివరి రైతు పోటీకి నిలబడ్డాడు. ఎన్నిక రోజున నూకాలు చాప చంకన పెట్టుకుని చావడికి వెళ్ళింది. రెండు కుండల మీదా కప్పింది.

"తియ్యి" అన్నాడు గవిరయ్య.

"తియ్యను."

"తియ్యవే ముసిలీ!"

"తియ్యను. నువ్వే కళ్ళు దించు. మా పిల్లలకున్న బుద్ది నీకు లేదు."

గవిరయ్య మూడోసారి అడగలేదు. తన మనుషులకు సైగ చేశాడు. వాళ్ళు ఆవిణ్ణి జుట్టు పట్టి ఈడ్చారు. తల రాయికి కొట్టుకుంది. చాప చింపి పారేశారు. ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఒక్కడూ కదల్లేదు. థూ! వీళ్ళకు మళ్ళీ మీసాలొకటి!

కదిలింది చిన్నమ్మడే. తండ్రి చెయ్యి పట్టి కుండల దగ్గరకు లాక్కెళ్ళింది. "అయ్యా, గుప్పిట మూసి రెండిట్లోనూ ఎట్టు. కుండ లోతుగానే ఉంది, కనబడదు. అప్ప సెప్పింది."

తండ్రి అలాగే పెట్టాడు. వెనకవాడు పెట్టాడు. ఆ వెనకవాడూ పెట్టాడు. "సూస్తన్నాను, సూస్తన్నాను" అని గవిరయ్య గొంతు చించుకున్నాడు. వాడి మొహం, ఏం కనబడింది?

కుండలు బోర్లించేసరికి కాలవ చివరి రైతు గెలిచాడు. నీళ్ళు అన్ని చేలకూ పారాయి. ఆ నీళ్ళు నూకాలు చూడలేదు. తల పగిలిన మూడోనాడే పోయింది. అప్పుడు మాత్రం ఊరంతా వచ్చి గుండెలు బాదుకుంది. ఎందుకు? ఆవేళ ఒక్క చెయ్యి అడ్డం పెట్టుంటే బతికేది కదా!

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఓట్ల ముందురోజు ఇంటింటా రెండు ముంతలు పెట్టి, చాప కప్పుతారు. మర్నాడు ఏం వండాలో పిల్లలు తేలుస్తారు. వాళ్ళు పిక్క వేసేటప్పుడు పెద్దవాళ్ళు గోడవైపు తిరగాలి, తాతయినా సరే. ఎవరైనా ఓరగా చూస్తే పిల్లలంతా "కళ్ళు దించు!" అని అరుస్తారు. పెద్దల మీద ఆ అరుపులేంటి, మర్యాద లేదా అని కొత్తవాళ్ళెవరైనా అంటే, ఆ ఊరి ఆడవాళ్ళు ఒక్కటే అడుగుతారు:

"నూకాల్ని ఈడ్సినప్పుడు మర్యాద ఏ ఊరెల్లింది?"