డూబే వారి ఆడపడుచు

అనగనగా, చాలా దూరాన, జింబాబ్వే దేశంలో ఒక రాళ్ల అడవి. ఆ అడవి పక్కన సిఫెలానీ డూబే అనే వేటగాడు ఉండేవాడు. వాళ్ల ఎన్‌డెబెలె భాషలో డూబే అంటే జీబ్రా. అదే అతని ఇంటిపేరు. అక్కడ ఏ వంశానికి ఏ జంతువు పేరుంటే, ఆ వంశం వాళ్లు ఆ జంతువు మాంసం ముట్టరు, పిల్లలూ. తోబుట్టువులా చూసుకుంటారు.

ఒక ఏడు చినుకు పడలేదు. ఏరు ఎండింది. గాదెలో జొన్నలు అడుగంటాయి. ఇంటి మేక పాలు కూడా ఎండిపోయాయి. సిఫెలానీ అడవిలో గుంట తవ్వి, పైన కొమ్మలు కప్పాడు. మొదటి రోజు గుంట ఖాళీ. రెండో రోజూ ఖాళీ. మూడో రోజు లోపల ఏదో కదిలింది. బల్లెం ఎత్తి ఆత్రంగా తొంగి చూశాడు.

ఆడ జీబ్రా!

"నీ ఇంటిపేరేమిటి?" అని అడిగింది జీబ్రా, వణుకుతూ.

సిఫెలానీ చుట్టూ చూశాడు. అబద్ధం చెప్పినా వినేవాళ్లు లేరక్కడ.

"డూబే," అన్నాడు చివరికి.

"అయితే నాకు తమ్ముడివి."

"నా పిల్లలు నిన్నటి నుంచి ఏమీ తినలేదక్కా."

"నా పిల్ల ఆ పొదల్లో నిలబడి ఉంది. ఇంకేం చెప్పను తమ్ముడా? బల్లెం నీ చేతిలోనే ఉంది."

సిఫెలానీ బల్లెం కింద పెట్టాడు. గుంట అంచు తవ్వి వాలుగా దారి చేశాడు. జీబ్రా పైకెక్కి వెళ్లిపోయింది.

భార్య రూడో షోనా అనే వేరే తెగ పిల్ల. సంగతి విని, "నా పుట్టింటి పేరు వేరు. నేను తినొచ్చు!" అంది కోపంగా. తరువాత పిల్లల వైపు చూసింది. "వీళ్లు మాత్రం నీ పేరు వాళ్లే. ఏం చెప్పి పెట్టేదాన్ని?" అని కళ్లు తుడుచుకుంది. అందరూ పస్తు పడుకున్నారు.

తెల్లవారేసరికి వాకిట్లో జీబ్రా, పక్కన దాని పిల్ల.

"నా వెనకే రా, తమ్ముడా."

ఎండిన ఏటి మలుపులో ఆగి, గిట్టలతో ఇసుక తవ్వింది. చెమ్మ తగిలింది. ఇంకా తవ్వింది. నీళ్లు ఊరాయి.

"ఇది మా మంద చెలమ. మనుషులకు ఎప్పుడూ చూపలేదు. పొద్దున మేం తాగుతాం, సాయంత్రం మీరు తోడుకోండి."

పిల్లలు కడుపునిండా తాగారు. ఇంటి మేకా తాగింది. నాలుగు రోజులకు దాని పొదుగులో పాలు దిగాయి. ఇరుగుపొరుగు కూడా కుండలతో వచ్చారు. వాన మరో రెండు నెలలకు గానీ రాలేదు. ఆకలి తీరలేదు. కానీ ఆ ఊళ్లో ఒక్క ప్రాణమూ పోలేదు.

చెలమ ఎవరు చూపారని అడిగితే, "మా ఇంటి ఆడపడుచు," అనేవాడు సిఫెలానీ.

నీతి: కడుపు నిండిన రోజున కట్టుబాటు అందరూ పాటిస్తారు. ఆకలి రోజున పాటించినవాడికే అది తోడు నిలుస్తుంది.