అడగని మరమ్మతు

వకుళకి ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి! మూడు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్లు పీక్కుపోయేలా బాగుచేసిన ఫోటోని ఆ మార్తమ్మ బల్లమీద విసిరికొట్టి పోయింది.

"చూడండి మేడం! మంచికి పోతే నాకిదీ మర్యాద," అంటూ ఫోటో తెచ్చి భ్రమరాంబగారి ముందు పెట్టింది.

భ్రమరాంబగారిది కాకినాడలో చిన్న స్టూడియో. నాలుగేళ్లుగా ఆవిడ మామూలు మనుషుల్ని ఒంటిమీద నూలుపోగు లేకుండా ఫోటోలు తీస్తున్నారు. తమంతట తాము ఇష్టపడి వచ్చినవాళ్లనే. పిల్లల్ని కన్న ఒళ్లు, ఎండలో మాడిన ఒళ్లు, వయసు మీదపడిన ఒళ్లు. ఊరంతా చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ! సినిమా పోస్టరు మీద సన్నటి నడుము కనిపిస్తే లొట్టలేసే పెద్దమనుషులకి, పురిటి చారల పొట్ట కనిపించేసరికి ఎక్కడలేని పరువూ గుర్తొస్తుంది. వకుళ ఆవిడ దగ్గర రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది.

మార్తమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. యాభై నాలుగేళ్ల మనిషి. ఆరేళ్ల కిందట క్యాన్సరొచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. అప్పట్నుంచీ ఆవిడ అద్దంలో మెడ కిందకి చూసుకోలేదు. అలాంటిది తనే వచ్చి కెమెరా ముందు నిలబడింది.

"ఆపరేషనంటే హడలిపోయే ఆడాళ్లు మా వార్డుకి రోజూ వస్తారమ్మా. ఇదిగో, నేను బతికే ఉన్నాను కదా అని చూపిస్తాను," అంది.

శనివారం ఆ ఫోటోల ప్రదర్శన. అందులో మొదటి ఫోటో ఆవిడదే. దాన్ని సిద్ధం చేయమని ఇస్తే వకుళ ఏం చేసిందీ? జాలిపడింది. తీసేసిన రొమ్ముని మళ్లీ తెచ్చి అతికించేసింది!

"దీన్ని చూపిస్తే వాళ్లేమంటారమ్మాయ్? నీకేం, నీకు రెండూ ఉన్నాయి కదా అనరూ? నువ్వు కూడా నన్ను చూడలేకపోయావన్నమాట," అంది మార్తమ్మ. శనివారం తన ఫోటో పెట్టడానికి వీల్లేదని చెప్పి మరీ వెళ్లిపోయింది.

"అందంగా కనిపించాలనే కదా చేశాను, తప్పా?" వకుళ గొంతు పెద్దదయింది. "ఒకప్పుడు మీరు మాత్రం పెళ్లికూతుళ్ల నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మొటిమలు చెరపలేదా?"

"చెరిపాను," అన్నారు భ్రమరాంబగారు.

సొరుగులోంచి కత్తెర తీసి వకుళ చేతిలో పెట్టారు.

"ఇందులో మార్తమ్మది కానిదంతా కత్తిరించి పక్కన పెట్టు."

ఇదెక్కడి గోల అనుకుంటూనే వకుళ ఎడమ రొమ్ముని కత్తిరించింది. "అయిపోయింది," అని కత్తెర కింద పెట్టబోయింది.

భ్రమరాంబగారు ముట్టుకోని అసలు ఫోటోని దాని పక్కన పెట్టారు. "సరిగ్గా చూడు."

వకుళ చూసింది. ఆ మూడు రోజుల్లో కుడి రొమ్ముని కూడా కాస్త పైకెత్తింది తను, రెండూ సమానంగా ఉండాలని. కత్తిరించింది. జబ్బల కింద వేలాడే కండ బిగించింది. "అది ఎవరైనా చేసేదే," అని గొణుగుతూ రెండు చేతులూ కత్తిరించింది. పొట్ట మడతలు తీసేసింది. మెడ ముడతలు, కళ్లకింద నలుపు, నెరిసిన జుట్టు, ఒక మోకాలి మీది మచ్చ. రంగు కూడా ఒక పిసరు తెల్లబరిచింది, బుగ్గల మీద, తొడల మీద. గొణుగుడు ఎక్కడ ఆగిపోయిందో తనకే తెలీదు. కత్తెర చప్పుడొక్కటే మిగిలింది.

చివరికి బల్లమీద మార్తమ్మది అని చెప్పుకోడానికి రెండు చెవులు, ఒక మోకాలు ఉన్నాయి. పక్కన ఆవిడ ఆనుకున్న చెక్కకుర్చీ ఉంది.

వకుళకి తల ఎత్తబుద్ధి కాలేదు.

భ్రమరాంబగారు అసలు ఫోటోని కవర్లో పెట్టి, పైన మార్తమ్మ పేరు రాసి వకుళకిచ్చారు. "ఆవిడది ఆవిడకి ఇచ్చేసి రా."

"కాళ్లు పట్టుకునైనా శనివారానికి ఒప్పిస్తాను మేడం."

"ఒప్పించకు. అడుగు," అన్నారు భ్రమరాంబగారు. "డాక్టరు ఒక్కచోటే కోశాడు. దానికి కూడా ముందు ఆవిడ సంతకం తీసుకున్నాడు."