పెళ్ళికారు నడుము

ప్రశ్న అడిగితే గవర్రాజు మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. నీళ్ళగిన్నెలో నానుతున్న ఉప్పుకాగితం ముక్క ఒకటి తీసి, అడిగినవాళ్ళ చేతిలో పెడతారు. కాసేపు ఏదో ఒకటి రుద్దుతూ కూర్చుంటే సగం ప్రశ్నలు వాటంతటవే అరిగిపోతాయని ఆయన నమ్మకం. ఎంత రుద్దినా అరగని ప్రశ్న ఒకటి ఆయన శిష్యురాలు భ్రమరాంబ దగ్గర మిగిలిపోయింది. ఆ ప్రశ్న సంగతే ఇది.

కాకినాడలో రేవుకి పోయే దారిలో, ఒక పాత మేడమీది గది మాస్టారి కార్ఖానా. పూర్వాశ్రమంలో ఆయన పళ్ళసెట్లు తయారుచేసేవారు. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు ఆయన పోసిన పళ్ళతోనే జంతికలు నమిలారని చెప్పుకుంటారు. తరవాత ఆ రబ్బరు అచ్చులూ ఆ పోతపనీ పట్టుకుని, ఉన్నట్టుండి కార్ల మీద పడ్డారు. అరచేతిలో ఇమిడే కార్లు. ముందు అసలు బొమ్మ ఒకటి చెయ్యాలి. దాని చుట్టూ రబ్బరు పోసి అచ్చు తియ్యాలి. ఆ అచ్చులో రెజిన్ అనే జిగురుద్రవం పోసి ఆరనిస్తే మీగడరంగు కారు ఒకటి బయటికొస్తుంది. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. అచ్చు అతుకు దగ్గర లేచిన గీతని నీళ్ళలో తడుపుతూ రుద్దాలి, గాలిబుడగల గుంటల్ని పుట్టీతో పూడ్చాలి, రంగు వేసి చూసుకుని మళ్ళీ రుద్దాలి. సముద్రపు గాలి కిటికీలోంచి వస్తూ ఉంటుంది, గిన్నెలో నీళ్ళు మెల్లగా పాలరంగుకి తిరుగుతూ ఉంటాయి, మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమైందో అక్కడ కూర్చున్నవాళ్ళకి తెలియదు.

ఆ కార్లన్నిటిలోకీ పెళ్ళికారంటే అందరికీ ముద్దు. ఒకప్పుడు ఊరేగింపుల్లో పెళ్ళికొడుకుల్ని మోసిన పొడుగుముక్కు నల్లకారుకి అది చిన్న రూపం. మాస్టారి గురువు ఖాదర్ సాహెబు గారి దగ్గర్నుంచి మాస్టారికి, మాస్టారి దగ్గర్నుంచి భ్రమరాంబకి వచ్చింది. దాని అడుగున బిగించే రేకు మాత్రం ఖాదర్ సాహెబు గారు చేయించిన ఉక్కు అచ్చులోనే ఇప్పటికీ కొడతారు.

ఆ ఏడు వానల్లో పెళ్ళికారు రబ్బరు అచ్చు చిరిగింది. దాంతోపాటు లోపలి అసలు బొమ్మ కూడా పుటుక్కుమంది. భ్రమరాంబ కంగారు పడలేదు. మాస్టారు ఎప్పుడో పోసి, రంగు వేసి అలమరలో పెట్టుకున్న కారు ఒకటుంది. దాని మీద రబ్బరు పోసి కొత్త అచ్చు తీసింది. అందులోంచి కారూ చక్కగానే వచ్చింది. తీరా రేకు బిగించబోతే పట్టలేదు. పోత ఆరేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. నకలు మీద నకలు తీస్తే ఆ కొంచెమూ కూడుకుంటుంది. లోపలివైపు రుద్ది చోటు చేద్దామని చూసింది. రుద్దగా రుద్దగా తలుపులోంచి వెలుతురు కనబడి, కారు చీలిపోయింది. ఇంకోటి పోసింది. అదీ చీలింది. నెలల తరబడి ఆమె ఇదే చేసింది. తీసెయ్యడమే తప్ప, చేర్చాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు. మాస్టారి చెయ్యి తీర్చిన గీత మీద తను పుట్టీ మెత్తడమంటే ఆవిడకి మహాపరాధం.

ఈలోగా మాస్టారికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇక ఆ బల్ల దగ్గర కూర్చుంటే భ్రమరాంబ కూర్చోవాలి, లేకపోతే గదికి తాళం పడాలి. ఆమె మాత్రం, ఇది తనవల్ల కాదనుకుని, రాజమండ్రిలో ఒక పళ్ళసెట్ల దుకాణానికి పనికి వస్తానని మాట ఇచ్చేసింది.

వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం, అలవాటు మానుకోలేక, చీలిన కారు ఒకదాన్ని నీళ్ళలో రుద్దుతూ కూర్చుంది. కళ్ళు మూతపడ్డాయో, తెరిచే ఉన్నాయో ఆమెకే తెలియదు. గిన్నెలో నీళ్ళు సముద్రమయ్యాయి. ఒడ్డున బీచిరోడ్డు మీద పెళ్ళికార్లు బారులు తీరి పోతున్నాయి. ఒక్కటీ చప్పుడు చెయ్యడం లేదు. ముందు కారులో ఖాదర్ సాహెబు గారు, తరవాతి కారులో మాస్టారు, ఆ తరవాత చిన్న కారు, ఇంకా చిన్న కారు. ఒక్కోటీ ముందుదానికన్నా కాస్త మెత్తబడి, తలుపుల గీతలు చెరిగిపోయి ఉంది. చివరికారు సబ్బుముక్కలా ఉంది. దానికి తలుపే లేదు. ఎక్కుదామని భ్రమరాంబ దాని చుట్టూ తిరుగుతోంది, తిరుగుతోంది.

ఉలిక్కిపడి లేచి నిలబడింది. ప్రయాణానికి సర్దుకున్న సంచీ తన పీట మీద పెట్టేసి, మాస్టారి ముందుకొచ్చి అడిగేసింది.

"మాస్టారూ, సాహెబు గారి నుంచి మీకు, మీ నుంచి నాకు వచ్చింది కదండీ. చేతులు మారినప్పుడల్లా విద్య ఇలాగే తగ్గిపోతుందాండీ? నా దగ్గరికొచ్చేసరికి రేకే పట్టలేదు. నా తరవాతవాళ్ళకి ఇంకేం మిగులుతుందండీ? దీన్ని పట్టుకుని నేనెందుకు కూర్చోవాలి?"

చివరిమాట దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. ఈసారి మాస్టారు ఉప్పుకాగితం తియ్యలేదు. లేచి, అలమర తెరిచి, దూది మీద పెట్టి ఉంచిన కారు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఖాదర్ సాహెబు గారిది. అన్నేళ్ళలో ఆమె దాన్ని అలమర అద్దంలోంచి చూసిందే గాని ముట్టుకోలేదు. పక్కన మాస్టారి కారు పెట్టారు.

"రేకు పెట్టి చూడు," అన్నారు.

సాహెబు గారి కారులో రేకు హాయిగా కూర్చుంది. మాస్టారి కారులోనూ అంతే హాయిగా కూర్చుంది. భ్రమరాంబ రెంటినీ మార్చి మార్చి చూసింది. మాస్టారిది సాహెబు గారి దానికి నకలే కదా! అది కూడా కుంచించుకుపోయి ఉండాలి కదా!

"ఇదెలా పట్టిందండీ?"

"గీకి చూడు."

"మీ కారునాండీ?"

"నాదేగా. గీకు."

ఆమె బ్లేడు అంచుతో తలుపు వెనకాల నల్లరంగు లేపింది. లోపల మీగడరంగు రెజిన్ కనబడింది. ఇంకాస్త లేపితే, కారు నడుముకి అడ్డంగా బూడిదరంగు పుట్టీ. పుట్టీ కింద రెండు రంపపు కోతలు, వాటి మధ్య ఇరికించిన పలచని తెల్లటి ప్లాస్టిక్ ముక్క. శాస్త్రంలా ఆమె ఇన్నాళ్ళూ కొలిచిన ఆ గీత, నిజానికి కోసి అతికిన గీత. మాస్టారు తన పళ్ళసెట్టు తీసి బల్లమీద పెడుతుండగా చూసేసినట్టు ఆమెకి సిగ్గేసింది.

"సాహెబు గారి కారు పోతని మీరు రంపంతో కోసేశారాండీ?"

"ముందు మెట్ల మీద కూర్చుని ఏడిచాను. తరవాత కోశాను."

భ్రమరాంబ భయం భయంగానే, రేకు తీసేసి, సాహెబు గారి కారుని వెల్లకిలా తిప్పింది. పైకప్పు లోపలివైపు రంగు వెయ్యలేదు. అక్కడ, నడుముకి అడ్డంగా, లక్కతో అతికిన గోధుమరంగు గీత.

"ఈయన కూడానాండీ! మరి ఈయనకి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"అడిగాను," అన్నారు మాస్టారు. "ఉప్పుకాగితం ఇచ్చారు."

బయట పొద్దు వాలుతోంది. రేవులో ఎక్కడో ఓడ కూత పెట్టింది. భ్రమరాంబ అలమరలోంచి తను పోసిన కార్లలో చీలనిదాన్ని ఒకటి తీసింది. దాన్ని పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఏడిచిందో లేదో మనకి అనవసరం. కాసేపటికి వచ్చి సన్నరంపం అందుకుంది. నిలబడి కొయ్యడం కుదరలేదు. పీట మీది సంచీ ఎత్తి గోడవారగా నేలమీద పెట్టి కూర్చుంది.

రెజిన్ పొడి తెల్లగా ఆమె చీరమీద రాలింది. కారు రెండు ముక్కలైంది. రెండు ముక్కల్నీ రేకు మీద చెరోవైపూ ఆనించి కూర్చోబెడితే, మధ్యలో సందు తెరుచుకుంది. ఆ సందు గోరు మందం కూడా లేదు. ఇన్ని నెలలు ఆమెకి నిద్ర లేకుండా చేసింది అదే. దాన్ని చూసి భ్రమరాంబకి నవ్వొచ్చింది, దాని వెనకాలే కొంచెం జాలి కూడా వేసింది.

ప్లాస్టిక్ ముక్క కోసి సందులో అతికింది. తన డబ్బా మూత తీసింది. అందులో పుట్టీ ఇటుకరంగు. పుల్ల కొనతో చిటికెడంత తీసి, బొట్టు పెట్టినంత జాగ్రత్తగా కారు నడుము మీద ఆనించింది.

మాస్టారు కళ్ళజోడు మీదుగా చూశారు.

"ఇంకాస్త పెట్టమ్మా," అన్నారు. "ఆరితే కొంత తగ్గుతుంది."