కట్టు మీది సంతకం

విశాఖపట్నం చేపలరేవు పక్కన, మూతపడ్డ ఒక ఐసు గోదాంలో, గనగళ్ల ఎర్రయ్య మాస్టారు నలభై ఏళ్లు బాక్సింగ్ నేర్పారు. ఆయనకొక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకి ఎన్నడూ జవాబు చెప్పేవారు కాదు. ఎవరో ఎప్పుడో ఆడిన ఒక పోటీ సంగతి చెప్పేవారు. కొత్తగా చేరిన ప్రతివాడూ "అందరికన్నా గొప్ప ఛాంపియన్ ఎవరు మాస్టారూ?" అని అడుగుతాడు కదా. అలా అడిగినవాడికి 1860లో ఇంగ్లండులో జరిగిన పోటీ వినిపించేవారు. అప్పటికింకా గ్లోవ్స్ లేవు, ఒట్టి పిడికిళ్లే. టామ్ సేయర్స్ అనే ఇంగ్లీషువాడు తనకన్నా ఎంతో పొడుగరి అయిన ఒక అమెరికావాడితో తలపడ్డాడు. మొదట్లోనే అతని కుడిచెయ్యి దెబ్బతింది. మిగిలిన రెండు గంటలూ ఎడమచేత్తోనే నెగ్గుకొచ్చాడు. చివరికి జనం తాళ్లు దాటి లోపలికి తోసుకొచ్చారు, పోటీ ఎటూ తేలలేదు, ఇద్దరికీ చెరో బెల్టు ఇచ్చి పంపారు. "మరి ఇద్దరిలో గొప్పవాడెవరు?" అని కుర్రవాడు మళ్లీ అడిగితే మాస్టారు మూలన వేలాడే గోనెసంచి వైపు చెయ్యి చూపించేవారు. చిరిగిన వలలు కూరిన సంచి అది. వెళ్లి దాన్ని కొట్టుకోమని.

తాతారావు ఆయన దగ్గర పదిహేడేళ్లు ఉన్నాడు. మొదటి పదేళ్లు దెబ్బలు తిన్నాడు, తర్వాత ఏడేళ్లు దెబ్బలు తినేవాళ్లకి మంచినీళ్లు పట్టాడు. ఆఖరున అతని చేతికి వచ్చిన బాక్సర్ స్వయానా బావమరిది ఎల్లాజీ. ఎల్లాజీకి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ ఏడు విశాఖపట్నంలో ఏర్పాటైన పోటీలో కోలారు ఆరోగ్యరాజ్‌ని ఓడిస్తే దేశపు ఛాంపియన్ పోటీకి పిలుపు వస్తుంది. ఓడితే తండ్రి మరబోటు ఎక్కడమే, ఇక రింగు ముఖం చూడనని ఎల్లాజీ తన అక్కకి, అంటే తాతారావు భార్యకి, మాట ఇచ్చాడు. ఆవిడ ఇచ్చిన మాట మర్చిపోనిచ్చే మనిషి కాదు.

ఆరోగ్యరాజ్ బంగారు గనుల ఊరివాడు. ముప్పై ఆరేళ్లవాడు, ఒకప్పటి ఛాంపియన్. పేపర్లవాళ్లు అతని కుడిచేతిని గురించి రాసినంత అతని గురించి రాయలేదు. ఆ చెయ్యి తగిలి లేచినవాడు లేడని చెప్పుకునేవారు. ఇద్దరో ముగ్గురో లేచారు లెండి, కానీ అలాంటి మాటలకి లెక్క ఎవరు చూస్తారు?

ఇక్కడ ఒక ఆచారం చెప్పకపోతే ముందుకి పోలేం. బాక్సర్లు గ్లోవ్స్ తొడుక్కునే ముందు చేతులకి గుడ్డపట్టీ చుట్టించుకుంటారు, వేళ్ల ఎముకలు చితక్కుండా. ఆ పట్టీలో గట్టి పదార్థం ఏదైనా దాచితే ఎదుటివాడి మొహం ఇక మొహంలా ఉండదు. వందేళ్ల కిందట అమెరికాలో ఒక పెద్ద పోటీ అయ్యాక, గెలిచినవాడి కట్టులో తడిస్తే రాయిలా గట్టిపడే సున్నపుపిండి ఉందని పుకారు పుట్టింది. రుజువు కాలేదు, అలాగని చావనూ లేదు. ఆ మనిషి పోయినా పుకారు ఉంది. అందువల్ల డబ్బుకి ఆడే పోటీలన్నిటిలోనూ ఎదుటిపక్షం మనిషి ఒకడు వచ్చి కూర్చుని, కట్టు కడుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసి, దాని మీద సంతకం పెట్టాలి. మాస్టారి కాలం నుంచీ ఇటు తూర్పుతీరంలో దానికి ఇంకో ముక్క కలిపారు. సంతకం పెట్టినవాడే పోటీ అయ్యాక కత్తెర పట్టుకెళ్లి ఆ కట్టు కోయాలి. పోట్లాడి వచ్చిన చేతిని పగవాడి కత్తెర కింద పెట్టడం చిన్న సంగతి కాదు. వియ్యంకుడి చేత కాళ్లు కడిగించుకోవడం లాంటిదని ఒక ముసలి రిఫరీ అనేవాడు. ఆయనకి నలుగురు కూతుళ్లు, కాబట్టి ఆ పోలిక ఆయనకి తట్టింది.

పోటీ సాయంత్రం ఆరింటికి. అయిదు కొట్టేసరికి తాతారావు ఆరోగ్యరాజ్ గదికి వెళ్లి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆరోగ్యరాజ్ కుర్చీ వీపు మీద మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. అతని మనిషి కట్టు మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి అయింది. కుడిచేతికి వచ్చి, పట్టీ చిటికెనవేలి పక్క ఎముక మీదుగా బిగిసినప్పుడు ఆరోగ్యరాజ్ మొహం ఏమీ మారలేదు. కూనిరాగం కూడా ఆపలేదు. కాలి బొటనవేలు మాత్రం నేలని ఒక్కసారి గీరింది. రెండో చుట్టుకి మళ్లీ గీరింది. తాతారావు పదేళ్లు దెబ్బలు తిన్నవాడు గనుక, ఆ వేలు ఏం చెబుతోందో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

"సైన్ చేయండన్నా," అని ఆరోగ్యరాజ్ కుడిచెయ్యి చాపాడు.

తాతారావు పెన్ను తీసి, గుడ్డ మీద ఆనీ ఆననట్టు తన పేరు రాసి, బయటికి వచ్చేశాడు.

మాస్టారు స్టేడియం వెనక మెట్ల మీద కూర్చుని వేయించిన శనగలు తింటున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి. పోటీకి ముందు గదిలో ఉండడం మానేసి చాలా కాలమైంది. అక్కడ గాలి తక్కువ, మాటలు ఎక్కువ అనేవారు.

"చూసేవా?"

"చూసేను మాస్టారూ. కట్టు సుబ్బరంగానే ఉంది. చెయ్యే బాగోలేదు." తాతారావు గొంతు తగ్గించాడు. "కుడిచెయ్యి. చిటికెనవేలి ఎముక పోయినట్టే ఉంది. పొద్దున పరీక్ష చేసిన డాక్టరుకి కూడా తెలీనిచ్చినట్టు లేడు. దాంతో ఇంక కొట్టలేడు. ఎల్లాజీగాడికి ఒక్క ముక్క చెప్పేనంటే ధైర్యంగా లోపలికి దూరిపోయి నాలుగు రౌండ్లలో తేల్చేస్తాడు. చెప్పమంటారా, వద్దంటారా?"

మాస్టారు శనగపొట్టు ఊదారు. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

1961లో పాత పోస్టాఫీసు దగ్గర గుడారం వేసి పోటీలు పెట్టారు. ఛాంపియన్ రంగూన్ గురవయ్య. యుద్ధం రోజుల్లో చిన్నవాడుగా రంగూన్ నుంచి నడిచి వచ్చినవాడు; ఆ నడకలో తోడు బయల్దేరినవాళ్లలో సగం మంది రాలేదు. పదకొండేళ్లుగా కాకినాడ నుంచి గంజాం దాకా అతన్ని పడగొట్టినవాడు లేడు. అతని బలం ఎడమచెయ్యి. అతని మీదికి దిగినవాడు లోకనాథం, రైల్వే ఇంజను షెడ్డులో బొగ్గు వేసేవాడు, భుజాలు దూలాల్లా ఉండేవి. లోకనాథం తరఫున గురవయ్య కట్టు చూడడానికి వెళ్లింది ఎర్రయ్య మాస్టారే. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. గురవయ్య ఎడమ మణికట్టు వాచి ఉందని ఆయన కనిపెట్టారు. పరుగెత్తుకొచ్చి లోకనాథం చెవిలో వేశారు: "ఆ ఎడమచెయ్యి ఒట్టి అలంకారం అన్నా. దానికి భయపడకు."

లోకనాథం భయపడలేదు. మొదటి రెండు రౌండ్లూ గురవయ్య ఎడమచెయ్యి కదపనే లేదు. మూడో రౌండులో లోకనాథం నవ్వుతూ, కుడివైపు కాపు వదిలేసి, తిన్నగా మీదికి నడిచాడు. గురవయ్య ఎడమచేత్తో ఒక్కటే వేశాడు.

"విరిగిన చేత్తోనా?" అన్నాడు తాతారావు.

"అప్పటికి బెణికింది. ఆ దెబ్బతో విరిగింది. గురవయ్య మరి రింగెక్కలేదు. లోకనాథం లేచేసరికి గుడారంలో దీపాలార్పేసేరు."

"అంటే చెప్పొద్దంటారు."

"నేనలా అన్లేదే," అన్నారు మాస్టారు. "వెళ్లు. గ్లోవ్స్ తొడిగే వేళైంది."

తాతారావు లోపలికి వెళ్లేసరికి ఎల్లాజీ బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

"ఏటి బావా, ముసలోడి చెయ్యెలాగుంది? నన్ను పడుకోబెట్టి జోల పాడతాడంటావా?"

"కట్టు సరిగ్గా ఉంది."

"కట్టు సంగతి కాదు. ఇంకేటైనా చూసేవా?"

తాతారావు నోరు తెరిచాడు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారి కథకి భయపడి ఆగాడో, ఆ బొటనవేలు కళ్లకి కట్టి ఆగాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.

"రెండు చేతులున్నాయి. రెండూ చూసుకో."

"ఓస్, ఇది చెప్పడానికా అంతసేపు కూకున్నావు! రెండు కాక ఆడికి మూడుంటాయేటి?" అని ఎల్లాజీ పక్కున నవ్వాడు.

పోటీ ఎనిమిది రౌండ్లు నడిచింది. చూసినవాళ్లు అదొక విచిత్రమైన ఆట అన్నారు. ఆరోగ్యరాజ్ కుడిచెయ్యి పాము పడగలా లేస్తుంది, ఆడుతుంది, ఇదిగో వస్తున్నానంటుంది, రాదు. ఎల్లాజీ కళ్లు దాని మీదే. ఆ సందులో ఎడమచెయ్యి వచ్చి ముక్కు మీద తట్టి పోతుంది. పెద్ద దెబ్బ కాదు, తలుపు తట్టినట్టు. కానీ తట్టిన ప్రతిసారీ బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురు జడ్జీలూ పాయింటు రాసుకుంటారు. ఎల్లాజీ కొట్టిన దెబ్బలు తక్కువేం కాదు. రెండుసార్లు ఆరోగ్యరాజ్ తాళ్ల మీదికి ఒరిగాడు. ఒరిగినప్పుడల్లా కుడి పడగ లేచేది, ఎల్లాజీ వెనక్కి తగ్గేవాడు.

అయిదో రౌండు అయ్యాక మూలకి వచ్చి కూలబడి, "ఆ కుడిది ఎప్పుడొస్తాది బావా?" అన్నాడు.

తాతారావు నీళ్లు పట్టాడు.

ఏడో రౌండు అయ్యాక ఎల్లాజీ ఏమీ అడగలేదు. బావ మొహంలోకి చూశాడంతే. ఒక్క నిమిషం విరామం అది. అందులో ముప్పై సెకన్లు మిగిలాయి. ఒక్క మాట చెప్పడానికి అంత వ్యవధి అక్కర్లేదు. తాతారావు అతని కనుబొమ మీద రక్తం తుడిచి, నోట్లో పళ్లకి తొడిగే రబ్బరు పెట్టి పంపించాడు.

ఎల్లాజీ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు.

గదిలో ఎల్లాజీ తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. "అది రానే లేదు బావా," అన్నాడు. "ఎనిమిది రౌండ్లూ దానికోసమే కాసుకు కూకున్నాను. రానే లేదు." మళ్లీ తువ్వాలులోంచే, "అక్కకి నువ్వే చెప్పు. నే రేపు బోటు దగ్గరికి పోతాను," అన్నాడు.

తాతారావు బల్ల మీది కత్తెర తీసుకుని ఆరోగ్యరాజ్ గదికి నడిచాడు. నడుస్తున్నంతసేపూ అతనికి మాస్టారి మీద కోపం వచ్చింది, తన మీద వచ్చింది, ఆ బొటనవేలి మీద కూడా వచ్చింది.

గ్లోవ్స్ అప్పటికే విప్పారు. ఆరోగ్యరాజ్ మనిషి "నేను కోసేస్తాలే" అని కత్తెర కోసం చెయ్యి చాపాడు.

"నువ్వుండు," అన్నాడు ఆరోగ్యరాజ్. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి కట్టు చూసుకున్నాడు. చెమటకి సిరా అలుక్కుపోయి, తాతారావు పేరులో ఒక అక్షరం కూడా మిగల్లేదు.

"మీ సైన్ పోయిందన్నా. మీరు నొక్కి రాయలా."

తాతారావు ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మీ పిల్లాడు కడదాకా ఈ చేతినే చూస్తా ఉన్నాడు," అన్నాడు ఆరోగ్యరాజ్. ఆ చేతిని తెచ్చి తాతారావు మోకాలి మీద పెట్టాడు. "కోయండి. మీరే కోయండి. మీకైతే ఎక్కడ మెల్లిగా కోయాలో తెలుసు."

తాతారావు కోశాడు. పొర కింద పొర తీస్తుంటే అరచేతి అంచు వంకాయ రంగుకి తిరిగి, పొంగి కనిపించింది. ఆరోగ్యరాజ్ గోడ వైపు చూస్తూ కూనిరాగం తీస్తున్నాడు. కింద బొటనవేలు నేలని గీరుతూనే ఉంది. ఈసారి దాన్ని దాచే ప్రయత్నం ఏమీ చేయలేదు.

మాస్టారు ఇంకా ఆ మెట్ల మీదే ఉన్నారు. శనగల పొట్లం ఖాళీ అయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద అదుముతున్నారు. తాతారావు వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"అప్పుడు మీరు చెప్పేరు, ఓడిపోయేరు. ఇప్పుడు నేను చెప్పలేదు, ఓడిపోయేం. ఆ పిల్లాడు రేపట్నుంచి బోటెక్కుతాడు. మరి ఆ కథ నాకెందుకు చెప్పేరు మాస్టారూ?"

మాస్టారు అతని చేతిలోని కత్తెర చూశారు. దాని రెక్కల మధ్య గుడ్డపట్టీ దారం ఒకటి చిక్కుకుని ఉంది.

"ఆ రోజు నేనూ కత్తెర పట్టుకుని వెళ్లేన్రా," అన్నారు. "గురవయ్య దాన్ని నా చేతిలోంచి తీసి వాళ్లోడికిచ్చేడు."