తోక అడగని చట్టం

అనగా అనగా, జంతువులన్నీ ఒకరి పనికి ఒకరు కూలికి వెళ్ళే రోజుల్లో, ఒక కొండ కింద అడవిని ఏనుగమ్మ ఒకతె ఏలుతుండేది. రాణి మనసు చల్లనిదే గానీ, చట్టం కాస్త గట్టిది. తప్పు చేసినవాడి తోక కొస కత్తిరించి, ఒక ఎండాకాలం గుహలో ఉంచి వదిలేసేవారు.

ఆ అడవిలో దుబ్బన్న అనే పందికొక్కు ఉండేవాడు. కరువు కాలంలో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక, అందరి గాదెలో గింజలు దొంగిలించాడు. పట్టుబడ్డాడు. తోక కొస పోయింది, గుహలో శిక్షా అయిపోయింది. "ఇక బుద్ధిగా కష్టపడి బతుకుతాను" అనుకుంటూ బయటికి వచ్చాడు.

బతకనిస్తేగా!

ముందు కుందేలమ్మ ఇంటికి వెళ్ళాడు. వానలు పడకముందే ఆమెకు కొత్త బొరియ కావాలి. "అమ్మా, మట్టి తవ్వడం నాకు బాగా వచ్చు. పని ఇప్పించు తల్లీ" అన్నాడు.

"ముందు వెనక్కి తిరుగు" అంది కుందేలమ్మ. ఆ అడవి ఆచారం అలాంటిది. పనికి వచ్చినవాడి మొహం కంటే ముందు తోక చూసేవారు. ఆమె తోక చూసింది, తలుపు వేసేసింది.

తర్వాత తాబేలు తాత దగ్గరికి వెళ్ళాడు. మడుగు గట్టుకు మట్టి వేసే పని. "వెనక్కి తిరుగు నాయనా" అన్నాడు తాత. తిరిగాడు. తాత తల లోపలికి లాక్కున్నాడు. మళ్ళీ బయటికి తీస్తే ఒట్టు!

చివరికి నెమలి దొర దగ్గరికి పోయాడు. రాలిన ఈకలు ఊడ్చే పని. అక్కడా అదే మాట. "ఛీ ఛీ, నా ఈకలు ఎత్తుకుపోతావు!" అన్నాడు దొర. ఈకలు వండుకు తింటాడా ఏం? అయినా పని దొరకలేదు.

ఇంట్లో పిల్లలు పస్తు. ఆ సాయంత్రం దుబ్బన్న కాళ్ళు వాటంతట అవే గాదె దగ్గరికి నడిచాయి. గింజల వాసనకు కడుపు నకనకలాడింది. గోడకు గోరు ఆనించాడు. "అయ్యో, మళ్ళీనా!" అని ఏడుపొచ్చేసింది. పరుగున పోయి రాణి కాళ్ళ మీద పడ్డాడు.

"అమ్మా, నా శిక్ష ఎప్పటికి తీరుతుంది?"

"ఎప్పుడో తీరిందిగా?" అంది రాణి.

"మీ దగ్గర తీరింది తల్లీ. గడప గడపకీ మళ్ళీ మొదలవుతోంది. ఇలాగైతే మళ్ళీ దొంగనైపోతానని భయంగా ఉంది."

రాణి కళ్ళు చెమర్చాయి. తెల్లవారగానే అందరినీ పిలిపించింది.

"వినండి! వచ్చినవాణ్ణి ముందు పని అడగండి. పని నచ్చాకే తోక అడగండి. పాత తప్పుకీ మీ పనికీ సంబంధం ఉంటేనే కాదనండి. అదైనా కారణం మొహం మీద చెప్పి, వాడి మాట కూడా వినండి. ఏళ్ళు గడిచిపోయిన తప్పును ఎవరూ ఎత్తకూడదు."

"మరి గాదె కాపలాకి వస్తేనో?" అన్నాడు నెమలి దొర.

"దానికి వద్దని చెప్పు. ఈకలు ఊడవడానికి ఎందుకు వద్దన్నావు?"

దొర పురి ముడుచుకుని వెనక వరసలోకి జారుకున్నాడు.

కుందేలమ్మ దుబ్బన్నకు పని చూపించింది. వాడు బొరియ తవ్వి, వెనక మెట్ట వైపు ఇంకో దారి కూడా తీశాడు. పని నచ్చాక ఆమె తోక సంగతి అడిగింది. వాడు దాచకుండా చెప్పాడు. "గింజలకీ నా బొరియకీ ఏం సంబంధంలే! రేపు మా చెల్లెలి ఇంటికి కూడా రా" అంది.

వానాకాలంలో వాగు పొంగింది. నీళ్ళు ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చేశాయి. కుందేలమ్మ పిల్లల్ని వెనక దారిన మెట్ట మీదికి తోలుకుని, ప్రాణాలతో బయటపడింది.

తడిసిన ఒంటితోనే దుబ్బన్న ఇంటికి వచ్చి చేతులు జోడించింది. "నాయనా, నా పిల్లల్ని నిలబెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"నువ్వు పని ఇచ్చావు, నా పిల్లలు అన్నం తిన్నారు. నేనే నీకు దణ్ణం పెట్టాలమ్మా" అన్నాడు దుబ్బన్న. ఇద్దరూ ఏనుగమ్మ ఉన్న దిక్కుకు తిరిగి మొక్కారు.

కాబట్టి పిల్లలూ, శిక్ష తీరినవాణ్ణి పాత తప్పు అడిగి తరమకండి, పని ఇచ్చి నిలబెట్టండి. వాడితో పాటు మీరూ నిలబడతారు.